పిత్తాశయంలో రాళ్ళు: బొబ్బట్లు తిన్న రాత్రి నుంచి మైక్రోస్కోపు దాకా నా అనుభవం

మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. భోజనాల్లో నెయ్యి ఓడుతున్న బొబ్బట్లు రెండు తిన్నాను. పది వారాల తర్వాత నా నోటికి నెయ్యి తగలడం అదే మొదటిసారి. మోకాళ్ళ నొప్పులు తగ్గాలని, పెళ్ళి నాటికి బరువు దిగాలని పట్టుబట్టి డైట్ చేశాను. పొద్దున జ్యూసు, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరముక్కలు, రాత్రికి పల్చటి మజ్జిగ. నూనె చుక్క ముట్టలేదు. 82 కిలోల నుంచి 66కి వచ్చాను. చూసిన వాళ్ళంతా మెచ్చుకున్నారు, నాకూ చాలా సంతోషంగా ఉండేది.

ఆ రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద, కాస్త మధ్యకు, లోపల ఎవరో పట్టుకుని పిండుతున్నట్టు నొప్పి. కడుపునొప్పి అంటే తెరలు తెరలుగా వచ్చి పోవడమే నాకు తెలుసు. ఇది అలా కాదు. మొదలైంది, పెరిగింది, పెరిగిన చోటే నిలబడిపోయింది. కాసేపటికి వీపు మీద కుడి రెక్క కిందికి పాకింది. పడుకోలేను, కూర్చోలేను. మావారు వీపు రాస్తూ కూర్చున్నారు. అత్తయ్య లేచి వాము నీళ్ళు కాచి ఇచ్చారు. అవి తాగీ తాగగానే పచ్చటి పసరు వాంతి అయింది. నాలుగున్నర ప్రాంతంలో, ఎలా వచ్చిందో అలాగే పోయింది. తెల్లారేసరికి మామూలు మనిషిని.

మర్నాడు ఒక క్లినిక్‌కి వెళితే గ్యాస్ అన్నారు. మాత్రలు రాశారు. నేనూ నమ్మాను, పెళ్ళి భోజనం కదా అనుకున్నాను. మూడు వారాల తర్వాత, ఆదివారం చేపల వేపుడు తిన్న రాత్రి మళ్ళీ అదే నొప్పి, అదే చోట, అదే వేళకు. ఈసారి మరో డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పెద్దగా ప్రశ్నలు వేయలేదు. కుడి పక్కటెముకల కింద వేళ్ళు ఆన్చి, "గట్టిగా ఊపిరి పీల్చండమ్మా" అన్నారు. పీల్చాను. సగంలో ఊపిరి దానంతటదే ఆగిపోయింది, అంత నొప్పి. దాన్ని మర్ఫీ గుర్తు అంటారని తర్వాత తెలిసింది. ఊపిరి పీలిస్తే కాలేయం, దాని అడుగున అతుక్కున్న పిత్తాశయం కిందికి దిగి డాక్టరు వేళ్ళకు తగులుతాయి. వాచిన పిత్తాశయమైతే ఊపిరి అక్కడే పట్టేస్తుంది.

స్కానింగ్‌కి పరగడుపున రమ్మన్నారు. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి లోపలున్నవి సరిగా కనబడవట. చల్లటి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, స్క్రీన్ నా వైపు తిప్పారు. నల్లగా బేరిపండు ఆకారంలో ఒక సంచి. అందులో అడుగున తెల్లటి చుక్కలు, వాటి వెనకాల కత్తితో కోసినట్టు నల్లటి నీడ. "ఎడమవైపు తిరగండమ్మా" అన్నారు. తిరిగాను. ఆ చుక్కలు గోలీల్లా దొర్లి ఇంకో పక్కకు చేరాయి. రాయికి గుర్తు అదే. నీడ పడాలి, మనిషి కదిలితే అది కదలాలి. గోడకు అతుక్కుని పెరిగే చిన్న కండ, అంటే పాలిప్ అయితే కదలదు. పెద్దది 14 మిల్లీమీటర్లు, దాంతో పాటు చిన్నవి అరడజను.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. స్టెరాయిడ్ల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద నాలుగు వలయాలు గీసి, ఇది కొలెస్టరాల్, ఇది కోలిక్ ఆమ్లం అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆ రెండూ కలిసి నా పొట్టలో ఏం చేస్తున్నాయో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. రిపోర్టు చేతికొచ్చిన రోజు రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత చాలా రాత్రులు చదివాను. నాకు అర్థమైనంత వరకు ఇక్కడ చెబుతాను. ఇది తెలియకపోవడం వల్లే నేను కొన్ని నెలలు పోగొట్టుకున్నాను.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. మనం తినని వేళల్లో అది పిత్తాశయంలోకి చేరుతుంది. ఆ సంచిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. అందుకే నీళ్ళు లాగేసి రసాన్ని చిక్కబరుస్తుంది. నాటుకోడిని శుభ్రం చేసేటప్పుడు మా అమ్మ కాలేయం దగ్గర వేలెడు లేని ఆకుపచ్చ సంచిని ఊపిరి బిగబట్టి కోసి తీసేది. దాన్ని చేదుకట్టు అనేది. అది పగిలితే కూరంతా చేదు. చిన్నప్పుడు నా కళ్ళెదుట చూసిన ఆ సంచే ఇది.

ఆ రసంలో ముఖ్యమైనవి పైత్య ఆమ్లాలు. కాలేయం వాటిని కొలెస్టరాల్ నుంచే చేస్తుంది. కుక్కకు గుర్తుపట్టగలిగే భార హైడ్రోజన్ చేర్చిన కొలెస్టరాల్ ఇచ్చి, అది కోలిక్ ఆమ్లం అనే పైత్య ఆమ్లంగా మారి బయటకు రావడాన్ని 1943లో కొన్‌రాడ్ బ్లాక్ బృందం చూపించింది. కొలెస్టరాల్ మీద చేసిన కృషికి ఆయనకు 1964లో నోబెల్ వచ్చింది. ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. కొలెస్టరాల్‌లోని నాలుగు వలయాలను విరగ్గొట్టే శక్తి మన శరీరానికి లేదు. చక్కెరను కాల్చినట్టు దాన్ని కాల్చలేదు. ఎక్కువైంది బయటకు పోవాలంటే పైత్యరసమే ప్రధానమైన దారి. కొంత పైత్య ఆమ్లంగా మారి పోతుంది, కొంత కొలెస్టరాల్‌గానే పోతుంది.

పైత్య ఆమ్లాలను శరీరం ఎంత పొదుపుగా వాడుకుంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒంట్లో ఉండేది మొత్తం మూడు గ్రాముల ప్రాంతం. అన్నం తిన్నప్పుడు పేగులోకి దిగుతాయి, కొవ్వును కరిగిస్తాయి, చిన్నపేగు చివరికొచ్చేసరికి నూటికి 95 వంతులు తిరిగి రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయానికి చేరతాయి. డిపోలో ఉన్న నాలుగు బస్సులే రోజంతా ట్రిప్పులు తిరిగినట్టు, అవే రోజుకు ఆరు నుంచి పది సార్లు తిరుగుతాయి. బయటకు పోయేది రోజుకు అర గ్రాము. కాలేయం కొత్తగా చేసేదీ అంతే.

మరి రాయి ఎందుకు? కొలెస్టరాల్ నీళ్ళలో కరగదు. తలకు రాసుకున్న నూనెను కుంకుడు రసం ఎలా పట్టుకుని నీళ్ళలో కలిపేస్తుందో, పైత్య లవణాలు (పైత్య ఆమ్లాలే రసంలో ఈ రూపంలో ఉంటాయి), లెసిథిన్ అనే ఒక రకం కొవ్వు కలిసి కొలెస్టరాల్‌ను అలా పట్టుకుని ఉంచుతాయి. ఈ మూడింటి పాళ్ళు సరిగా ఉన్నంతసేపు రసం తేటగా ఉంటుంది. 1968లో అడ్మిరాండ్, స్మాల్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు పదార్థాలనూ ఒక త్రిభుజం మూడు మూలల్లో పెట్టి గ్రాఫు గీశారు. అందులో ఒక గీతకు లోపల ఉంటే కొలెస్టరాల్ కరిగి ఉంటుంది, గీత దాటితే స్ఫటికాలుగా విడిపోతుంది. మనుషుల పైత్యరసాన్ని కొలిచి ఆ గ్రాఫులో గుర్తిస్తే, కొలెస్టరాల్ రాళ్ళున్న వాళ్ళ చుక్కలు గీతకు అవతల పడ్డాయి. మా ఫిజికల్ కెమిస్ట్రీ పాఠంలో ఫేజ్ డయాగ్రం అని చెప్పేది ఇదే. మార్కుల కోసం పిల్లలతో గీయించే బొమ్మ నా రోగానికి సమాధానం అని తెలిసినప్పుడు చాలాసేపు ఆ పేజీనే చూస్తూ ఉండిపోయాను.

గీత దాటినంత మాత్రాన రాయి పడిపోదు. పటికబెల్లం గుర్తు చేసుకోండి. చిక్కటి పంచదార పాకంలో దారం వేలాడదీస్తే దాన్ని పట్టుకుని పలుకులు కడతాయి. పాకం కదలకుండా ఉండాలి, పట్టుకోవడానికి ఒక దారం ఉండాలి. పిత్తాశయంలో ఆ దారం పని మ్యూసిన్ అనే జిగురు చేస్తుంది. కదలకుండా ఉంచే పని నా డైట్ చేసింది.

ఇక్కడే నాకు నా తప్పు కనబడింది. మనం కొవ్వు ఉన్న భోజనం తింటే పేగు గోడల నుంచి కోలెసిస్టోకైనిన్ అనే హార్మోన్ వెలువడి పిత్తాశయాన్ని పిండుతుంది. ఐవీ, ఓల్డ్‌బర్గ్ దాన్ని 1928లోనే కనుక్కున్నారు. నేను నూనె చుక్క లేకుండా పది వారాలు గడిపాను. పిండమని చెప్పేవాళ్ళు లేక ఆ సంచి నిండుగా, నిశ్చలంగా ఉండిపోయింది. అదే సమయంలో ఒంట్లో కొవ్వు వేగంగా కరుగుతుంటే అందులో దాచి ఉన్న కొలెస్టరాల్ కాలేయానికి, అక్కడి నుంచి పైత్యరసానికి చేరింది. ఒకపక్క కొలెస్టరాల్ పెరిగింది, మరోపక్క రసం కదలడం మానేసింది. వారానికి కిలోన్నర మించి తగ్గితే రాళ్ళ ప్రమాదం బాగా పెరుగుతుందని డాక్టర్లు చెప్పే మాట. నేను తగ్గింది వారానికి 1.6. దీని మీద 1995లో అచ్చయిన ఒక ట్రయల్ ఉంది. బాగా తక్కువ కేలరీల డైట్ మీద ఉన్నవాళ్ళలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వాళ్ళకు నూటికి 28 మందికి రాళ్ళు వచ్చాయి, రోజుకు 600 మిల్లీగ్రాముల అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం (ఇదీ ఒక పైత్య ఆమ్లమే, పొట్టిగా అర్సో) తీసుకున్న వాళ్ళలో నూటికి ముగ్గురికే. నాకు ఆ డైట్ చెప్పిన వాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. నేనూ డాక్టరును అడగలేదు.

అన్నట్టు, నా రక్తంలో కొలెస్టరాల్ నార్మల్. "మరి కొలెస్టరాల్ రాయి ఎలా?" అని స్టాఫ్ రూములో అందరూ అడిగారు. రక్తంలో లెక్క వేరు, పైత్యరసంలో లెక్క వేరు. రక్తపరీక్ష బాగుంది కదా అని రాయి రాదనుకోవడానికి లేదు.

విషయం తెలిశాక బంధువుల సలహాలు మొదలయ్యాయి. అరటి దూట రసం తాగమన్నారు, కొండపిండి ఆకు పప్పులో వేసుకోమన్నారు. మన వైపు అవి కిడ్నీ రాళ్ళకు వాడతారు. కిడ్నీ రాయి చాలావరకు కాల్షియం లవణం, మూత్రంలో పుడుతుంది. పిత్తాశయానికీ మూత్రం దారికీ సంబంధమే లేదు. మా మరదలు ప్రేమకొద్దీ ఒక వీడియో పంపింది. రాత్రి ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే తెల్లారేసరికి ఆకుపచ్చ రాళ్ళు పడిపోతాయట. అలా పడిన వాటిని ఇద్దరు డాక్టర్లు పరీక్షించి 2005లో ద లాన్సెట్‌లో రాశారు. వాటిలో కొలెస్టరాల్ లేదు, 40 డిగ్రీల వేడికే కరిగి నూనెలా అయ్యాయి. తాగిన నూనె, నిమ్మరసం పొట్టలో కలిసి కట్టిన సబ్బు ఉండలవి. నాకు దీనిమీద నిజంగా కోపం వస్తుంది. రాయి ఉన్న మనిషి ఒక్కసారి అంత నూనె తాగితే పిత్తాశయం గట్టిగా పిండుతుంది. రాయి వెళ్ళి గొట్టంలో ఇరుక్కుంటే ప్రాణాల మీదికి వస్తుంది. మరదలికి ఫోన్ చేసి ఇదంతా వివరంగా చెప్పాను, దయచేసి ఇంకెవరికీ పంపొద్దని బతిమాలాను.

ఆపరేషన్ అనేసరికి నాకు టెన్షన్. మాత్రతో కరుగుతుందేమో చూద్దామని ఇంకో చోట అడిగితే అర్సో 300 మిల్లీగ్రాములు రోజుకు రెండు రాశారు. ఈ మాత్ర పేరులోనే ఎలుగుబంటి ఉంది. లాటిన్‌లో ఉర్సస్ అంటే ఎలుగు. ఈ ఆమ్లాన్ని మొదట ఎలుగు పైత్యంలో గుర్తించారు, 1927లో జపాన్‌లో షోడా శుద్ధి చేశారు. ఇప్పుడు ఎక్కువగా పశువుల పైత్యరసం నుంచి తయారు చేస్తారు. దీనికంటే ముందు వచ్చింది కీనోడియాక్సికోలిక్ ఆమ్లం. పేరులోని కీనో గ్రీకు భాషలో బాతుజాతి పక్షి. 1972లో మేయో క్లినిక్ పరిశోధకులు దాంతో కొలెస్టరాల్ రాళ్ళు కరుగుతాయని చూపించినప్పుడు, ఇక కత్తి అక్కర్లేదన్న ఆశ పుట్టింది. తర్వాత అమెరికాలో 916 మంది మీద రెండేళ్ళు పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు 750 మిల్లీగ్రాములు తీసుకున్న వాళ్ళలో రాళ్ళు పూర్తిగా కరిగింది నూటికి 13.5 మందికే. కొందరిలో కాలేయం దెబ్బతింది, చెడు కొలెస్టరాల్ పెరిగింది. అర్సో అంతకంటే మేలు, సురక్షితం. కానీ అది పనిచేయాలంటే రాళ్ళు చిన్నవిగా ఉండాలి, సున్నం పట్టి ఉండకూడదు, పిత్తాశయం గొట్టం తెరిచి ఉండాలి. కరిగినా, అయిదేళ్ళలో సగం మందికి మళ్ళీ వస్తాయి. సంచి అదే, రసం అదే మరి. ఈ లెక్కన నా 14 మిల్లీమీటర్ల రాయి కరిగే బాపతు కాదు. అయినా ఆశ వదులుకోలేక అయిదు నెలలు మింగాను.

అయిదో నెలలో మూడోసారి నొప్పి వచ్చింది. ఈసారి తెల్లారినా పోలేదు. చలి, వణుకు. మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో వచ్చింది. అద్దంలో చూసుకుంటే కళ్ళు పచ్చగా ఉన్నాయి. మావారు నన్ను ఆటోలో కూర్చోబెట్టేటప్పుడు ఆయన చేతులు వణకడం నాకు గుర్తుంది. హాస్పిటల్లో చేర్చుకుని యాంటీబయాటిక్స్ పెట్టారు. కామెర్లను చూపే బిలిరుబిన్ 4 దాటింది. పాంక్రియాస్‌కి దెబ్బ తగిలిందేమోనని దాని ఎంజైమ్ లైపేజ్‌ను రక్తంలో చూశారు, అది బాగానే ఉంది. ఎంఆర్‌సీపీ అనే స్కానింగ్ చేస్తే ప్రధాన పైత్యనాళం ఖాళీగా ఉంది. ఒక చిన్న రాయి అందులో ఇరుక్కుని, దానంతటదే పేగులోకి జారిపోయి ఉంటుందన్నారు సర్జన్ గారు. "ఈసారి అదృష్టం బాగుందమ్మా, ఇంకోసారి ఇలాగే జారుతుందని నేను చెప్పలేను" అన్నారు. ఇక నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

రాళ్ళు మాత్రం తీసి సంచిని ఉంచేయకూడదా అని మా అత్తయ్య అడిగారు. సర్జన్ గారు ఓపిగ్గా చెప్పారు. ఒకప్పుడు అలాగే చేసేవారట, రాళ్ళు తిరిగి వచ్చేవట. 1882 జులై 15న బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొట్టమొదట పిత్తాశయాన్నే తీసేశారు. అందులో రాళ్ళున్నాయని తీయడం లేదు, రాళ్ళను పుట్టించేదే అది కాబట్టి తీస్తున్నాం అన్నది ఆయన వాదన. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా తీయడం 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదలుపెట్టారు. మన దేశంలో 1990లో ముంబయి జేజే హాస్పిటల్లో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా చేశారు. అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను. మా పెద్దమ్మకు అంతకు ముందే ఇదే ఆపరేషన్ జరిగింది. పక్కటెముకల వెంబడి జానెడు కోత, నెల రోజులు మంచం మీదే. నేను రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు, మత్తులో ఉన్నాను. నాలుగు రంధ్రాలు, బొడ్డు దగ్గర ఒకటి. పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి చేస్తారు. మెలకువ వచ్చాక కోతల కంటే కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. భయపడి నర్సమ్మను పిలిచాను. లోపల మిగిలిన గ్యాస్, ఊపిరితిత్తుల కింద ఉండే కండరం డయాఫ్రంను రాపిడి పెడుతుందని, దాని నరం భుజం నరంతో ఒకేచోట కలవడం వల్ల నొప్పి అక్కడ తెలుస్తుందని చెప్పింది. కాస్త నడవమంది. రెండు రోజుల్లో పోయింది. తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపారు. క్యాన్సర్ ఉందేమో చూడటానికి అలా పంపుతారు. రిపోర్టు వచ్చేదాకా వారం రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. దీర్ఘకాలపు వాపు తప్ప ఇంకేమీ లేదని వచ్చింది.

మొదటి నెల నూనె వస్తువు తింటే వెంటనే బాత్‌రూముకి పరిగెత్తాల్సి వచ్చేది. నిల్వ చేసే సంచి లేదు కాబట్టి పైత్యరసం చుక్కచుక్కగా ఎప్పుడూ పేగులోకి దిగుతూనే ఉంటుంది. కొంత పైత్య ఆమ్లం పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడ నీళ్ళు ఊరిస్తుంది. చాలామందికి అదే సర్దుకుంటుందన్నారు. నాకు ఆరు వారాల్లో సర్దుకుంది. ఇప్పుడు అన్నీ తింటున్నాను, కొంచెం కొంచెంగా. బరువు నెలకు రెండు కిలోలు మించి తగ్గకుండా చూసుకుంటున్నాను.

ఆపరేషన్‌కి ముందే సర్జన్ గారిని ఒకటి అడిగాను, రాళ్ళు నాకు ఇవ్వగలరా అని. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చారు. పెద్దది లేత పసుపు రంగులో, మల్బరీ పండులా గరుకుగా ఉంది. మన దక్షిణాదిలో రంగు పదార్థంతో నల్లగా కట్టే రాళ్ళు, మిశ్రమ రాళ్ళు ఎక్కువని, కొలెస్టరాల్ రాళ్ళు ఉత్తరాదిలో ఎక్కువని చదివాను. నాది చూడగానే కొలెస్టరాల్‌దే అనిపించింది. బ్లేడుతో రెండుగా చీలిస్తే మధ్య నుంచి అంచులకు చక్రం ఆకుల్లా మెరిసే పలుకులు.

సెలవు అయిపోయి కాలేజీకి వెళ్ళిన మొదటి శనివారం, ఫైనల్ ఇయర్ పిల్లలను ల్యాబ్‌లో ఉండమన్నాను. రాయి ముక్కను నూరి, కొంచెం పొడిని క్లోరోఫాంలో కరిగించాం. అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వేసి, పరీక్షనాళిక గోడ వెంబడి రెండు చుక్కలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జార్చాను. మొదట గులాబీ ఛాయ వచ్చింది, చూస్తుండగానే ఊదా అయింది, నీలం అయింది, చివరికి చిక్కటి ఆకుపచ్చ దగ్గర నిలిచింది. కొలెస్టరాల్‌ను గుర్తించే లీబర్‌మన్ బుర్ఖార్డ్ పరీక్ష ఇది. ఏటా కొన్న కొలెస్టరాల్ సీసాతో చేయించే ప్రయోగమే.

మిగతా పొడిని ఆల్కహాల్‌లో వేసి, మంట తగలకుండా వేడినీళ్ళలో పెట్టి కరిగించి, వడకట్టి చల్లారనిచ్చాం. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పూల్టియే ద లా సాల్ పిత్తాశయం రాళ్ళ నుంచి ఈ పదార్థాన్ని వేరు చేశాడు. తర్వాత షెవ్రల్ దానికి కొలెస్టరిన్ అని పేరు పెట్టాడు. గ్రీకులో కోలె అంటే పైత్యం, స్టెరియోస్ అంటే గట్టిది. పైత్యంలోని గట్టి పదార్థం. లోకమంతా గుండెకు ముడిపెట్టి భయపడే మాట పుట్టింది ఇలాంటి రాయి నుంచే అని చెబితే పిల్లలు నమ్మలేనట్టు చూశారు.

చల్లారాక ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసి, జువాలజీ వాళ్ళ మైక్రోస్కోపు కింద పెట్టాను. పల్చటి పలకలు, ఒకదాని మీద ఒకటి జారినట్టు, గాజుకంటే తేటగా. చాలా వాటికి ఒక మూల చిన్న గంటు, కాగితం మూల చింపినట్టు. కొలెస్టరాల్ స్ఫటికానికి అదే గుర్తు. నేను చూసి పక్కకు తప్పుకున్నాను. ముందు వరసలో నిలబడిన అమ్మాయి కంటికి ఆన్చుకుని ఎంతసేపటికీ తల ఎత్తలేదు. "మేడమ్, ఇవి నిజంగా మీ లోపలివేనా?" అంది. అవునన్నాను. వెనకాల వాళ్ళు తోసుకుంటూ ఉంటే, ఇంకొక్క నిమిషం అని ఫోకస్ తిప్పుకుంటూ ఉంది.